రంగం క్యాంపా, మణిపూర్ రోడ్డా? ఫొటోలు, మిలటరీ సామాన్లతో ఒక లారీ డ్రైవరు మకాం పట్టుకున్న తీరు

కోస్తా జిల్లాల కుటుంబం ఒకటి రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్రంకుపెట్టె తెచ్చి, "తాతగారు రంగం క్యాంపులో ఉండేవారు, ఆ చోటు ఎక్కడో చెప్పండి" అని అడిగింది. రంగం అంటే బర్మాలోని రంగూన్. పెట్టెలో మూడు మెడల్స్, భుజానికి పెట్టుకునే ఇత్తడి అక్షరాలు, ఒక మెస్ టిన్ (సిపాయి తిండి తినే మూత డబ్బా), జపాను ప్రభుత్వం పేరిట అచ్చయిన ఐదు రూపాయల నోటు, ఉత్తరం లేని కవరు, తొమ్మిది ఫొటోలు ఉన్నాయి. డిశ్చార్జి కాగితం లేదు. చివరికి ఫొటోల్లో ఉన్న క్యాంపు రంగంలో కాదు, నేటి నాగాలాండ్‌లోని దిమాపూర్ దగ్గర, అప్పట్లో రైల్వే వాళ్లు మణిపూర్ రోడ్ అని పిలిచిన స్టేషనుకు ఆగ్నేయంగా తేలింది. కుటుంబం వివరాలు బయటపడకుండా సర్వీసు నంబరు, కంపెనీ నంబరు, పోస్టాఫీసు నంబరు ఇక్కడ ఇవ్వడం లేదు. మిగతా పని అంతా ఉన్నదున్నట్టు.

ఇలాంటి కేసుల్లో ప్రతి వస్తువునీ మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ఇది ఆ మనిషిదేనా, ఏ కాలానిది, ఏ చోటిది? ఒక్కదానికి జవాబు దొరికితే మిగతా రెండూ దొరికినట్టే అనుకోవడం వల్లే ఎక్కువ కేసులు తప్పుదారి పడతాయి. ఈ కుటుంబం దశాబ్దాలుగా రంగం అనుకోవడానికి ఆధారం ఆ జపాను నోటూ, బర్మా స్టార్ మెడలూ మాత్రమే. పెట్టెలో చోటు విషయంలో అతి బలహీనమైన సాక్ష్యాలు ఆ రెండే.

ముట్టుకునే ముందు

మెడల్స్‌ను చింతపండుతో గానీ, ఇత్తడి పాలిష్‌తో గానీ తోమకూడదు. బ్రిటన్ తన సైనికులకు ఇచ్చిన రెండో యుద్ధపు స్టార్ల మీద పేర్లు లేవు. భారత సైనికులకు ఇచ్చిన వాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం కొట్టారు. స్టార్‌కు వెనకవైపు నున్నటి భాగంలో, గుండ్రటి మెడల్‌కు అంచు మీద ఉంటాయి. లోతు తక్కువ కాబట్టి నాలుగుసార్లు తోమితే మాసిపోతాయి. ముద్ర చదవడానికి గది చీకటి చేసి, టార్చి వెలుగు లోహానికి దాదాపు సమాంతరంగా పక్కనుంచి పడేలా పెట్టి, దాన్ని చుట్టూ తిప్పుతూ ఎనిమిది దిక్కుల నుంచి ఫొటోలు తీయాలి. ఒక దిక్కున కనిపించని అంకె ఇంకో దిక్కున తేలుతుంది. పెన్సిలు రుద్ది అచ్చు తీయడం వద్దు.

ఫొటోలను ముందూ వెనకా రెండు వైపులా 1200 డీపీఐలో, టిఫ్ ఫైలుగా స్కాన్ చేయాలి. పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టడం మరవకూడదు. తర్వాత కోణాలన్నీ ఆ స్కేలు మీదే లెక్కకొస్తాయి. ఆల్బంకు అంటుకున్న ఫొటోను పీకకూడదు. వెనక రాత కోసం పీకితే ఆ రాతే పేజీకి ఉండిపోతుంది. పెట్టెలో తూటా, గ్రెనేడ్ లాంటివి కనిపిస్తే అక్కడితో పని ఆపి పోలీసులకు చెప్పాలి. పాత తూటా పేలదన్న హామీ లేదు, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం ఆయుధాల చట్టం కింద నేరం కూడా.

మెడల్స్, మెస్ టిన్, నోటు

ఇక్కడి మూడు మెడల్స్ 1939-45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్. పక్క వెలుగులో స్టార్ వెనక సర్వీసు నంబరు బయటపడింది. ముందు ఎంటీఎన్ అన్న అక్షరాలు, తర్వాత అంకెలు. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో మోటారు రవాణా వాళ్ల నంబర్లు ఇలా మొదలవుతాయి. ఇత్తడి అక్షరాలూ ఆ కోర్‌వే. అంటే తాతగారు పదాతిదళం కాదు, లారీ డ్రైవరు. కేసు దారి ఇక్కడే మారింది. లారీల కంపెనీ మకాం సాధారణంగా రైలు దిగే చోటికీ, పెద్ద సరుకు డిపోలకీ దగ్గరగా ఉంటుంది, యుద్ధరేఖ మీద కాదు.

బర్మా స్టార్ ఉంటే బర్మాలో అడుగు పెట్టారని కాదు. నిర్ణీత తేదీల మధ్య బెంగాల్, అస్సాంలలోని నిర్ణీత ప్రాంతాల్లో పనిచేసిన వాళ్లకూ అది దక్కింది. నాగా కొండలు అప్పుడు అస్సాంలోనివే. 1947 ఇండిపెండెన్స్ మెడల్ పెట్టెలో లేదు. అది 1947 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవారికి ఇచ్చినది కనుక అంతకుముందే ఇంటికి వచ్చి ఉంటారని ఒక ఊహ. లేనిదాన్ని బట్టి ఇంతకు మించి చెప్పకూడదు. మెడల్ పోయి ఉండొచ్చు, అసలు తెప్పించుకోకపోయి ఉండొచ్చు.

మెస్ టిన్ అడుగున వెడల్పు బాణం గుర్తు, దానితో ఐ అక్షరం, 1942 అన్న అంకె. ఆ గుర్తు భారత సైన్యపు సామానుది. బాణం యు అక్షరం లోపల ఉంటే దక్షిణాఫ్రికా, సి లోపల ఉంటే కెనడా, రెండు డి అక్షరాల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. తయారీ సంవత్సరం చెప్పేది ఒక్కటే, అంతకుముందు చేతికి రాలేదని. అసలు విలువైనది మూత లోపల మేకుతో గీసిన నాలుగు అంకెలు. అవి స్టార్ మీది నంబరు చివరి నాలుగు అంకెలతో సరిపోయాయి. పెట్టెలోని సామాన్లు ఒకే మనిషివని గట్టిగా చెప్పే రుజువు అది.

ఇక నోటు. జపాను సైన్యం ఆక్రమించిన దేశాల కోసం అచ్చేసిన నోట్ల మీద సీరీస్ మొదటి అక్షరం దేశాన్ని చెబుతుంది: బర్మాకు బి, మలయాకు ఎం, డచ్ ఈస్టిండీస్‌కు ఎస్, ఫిలిప్పీన్స్‌కు పి. ఇది బి నోటే. కానీ యుద్ధం ముగిసేసరికి విలువ పోయిన ఆ కాగితాలు జ్ఞాపకానికని చేతులు మారుతూ బర్మా మొహం చూడని వాళ్ల పెట్టెల్లోకీ చేరాయి. కాబట్టి మకాం లెక్కల్లోంచి నోటును పూర్తిగా తీసేశాం.

ఫొటోల వెనక

తొమ్మిదింటినీ ముందు 365 నానోమీటర్ల యూవీ టార్చి కింద చూడటం జరిగింది. 1950ల నుంచి ఫొటో కాగితంలో తెల్లదనం కోసం కలిపిన రసాయనం ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. రెండు మెరిశాయి. అంటే అవి తర్వాతి రోజుల్లో తీయించిన కాపీలు, వాటి సైజును బట్టి ఏ లెక్కా వేయకూడదు. మిగతా ఏడింటిలో మూడు స్టూడియో ఫొటోలు. కొబ్బరిచెట్లు, కొండలు గీసిన తెర ముందు నిలబడి తీయించుకున్నవి. సెలవుల్లోనో, ట్రైనింగులోనో తీయించుకునే ఈ రకం ఫొటోలు క్యాంపు గురించి ఏమీ చెప్పవు.

ఒకదాని వెనక తెలుగులో "బర్మా 1943" అని రాసి ఉంది. లెన్స్ కింద చూస్తే గీత అంతటా ఒకే వెడల్పు, జిగురులాంటి సిరా, కాగితంలో నొక్కుడు గాడి. బాల్‌పెన్ రాత. యుద్ధకాలంలో సిపాయిల చేతుల్లో బాల్‌పెన్ లేదు. కాబట్టి అది తర్వాతెప్పుడో జ్ఞాపకం మీద రాసినది, అప్పటి సాక్ష్యం కాదు. పెన్సిలుతోనో, నీలం సిరాతోనో ఉండి ఉంటే బరువు వేరుగా ఉండేది.

మిగిలిన నాలుగు కాంటాక్టు ప్రింట్లు, నెగెటివ్ సైజులోనే ఉన్నవి. వాటిలో పనికొచ్చినవి రెండు.

స్తంభాల ఫొటో

మొదటి దాంట్లో ఆరుగురు సిపాయిలు, వెనక పుట్టగొడుగు తలలాంటి రాతి స్తంభాలు రెండు, పక్కన తల చీలిన స్తంభం ఒకటి. కచారీ రాజుల పాత రాజధాని శిథిలాలవి, దిమాపూర్ ఊళ్లోనే ఉన్నాయి. గుర్తుపట్టడం సులువే. అయినా రెండు జాగ్రత్తలు అవసరమయ్యాయి. ఒకటి, ప్రింటు అద్దంలో బొమ్మలా తిరగబడలేదని చూసుకోవడం. రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద ఉండాలి, మగవాళ్ల చొక్కాలో ఎడమ అంచు పైన ఉండాలి. రెండు, ఒకే పోలిక ఉన్న స్తంభాలు అక్కడ వరసగా ఉన్నాయి కనుక చెక్కడం నమూనా, అంచు విరుగుళ్లు పోల్చి ఏ స్తంభమో తేల్చడం.

కానీ ఈ ఫొటో రుజువు చేసేది ఆయన దిమాపూర్ వచ్చారని మాత్రమే. సెలవు పూట ఎక్కడినుంచో లారీలో వచ్చి స్తంభాల ముందు నిలబడినా ఇదే ఫొటో వస్తుంది. చూడదగ్గ చోటు ముందు తీసిన ఫొటోను క్యాంపు ఫొటోగా లెక్కేయడం ఈ పనిలో మామూలుగా జరిగే పొరపాటు. మకాం తేలాలంటే ఎవరూ చూడటానికి వెళ్లని చోటు ఫొటో కావాలి: వంటపాక, గుడారాల వరస, లారీల వరస.

లారీల వరస

రెండోది అదే. వెదురు బాషాలు (గుడిసెలు), చదును చేసిన నేల, అయిదు లారీలు, పక్కన నిలబడ్డ మనిషి, దూరంగా కొండల వరస.

లారీలు కెనడా మిలటరీ నమూనావి. ముందు అద్దం కింది అంచు వెనక్కి పోయి, పై అంచు ముందుకు వాలి ఉంది. 13వ నంబరు క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) లక్షణం అది, 1942 మోడళ్లతో విరివిగా వచ్చింది. 11, 12 నంబర్ల క్యాబ్‌లలో ఆ ఎదురు వాలు ఉండదు. మడ్‌గార్డు మీద ఐమూలగా రెండుగా చీలిన చదరం కనిపిస్తోంది. సర్వీస్ కోర్ గుర్తు ఎరుపు, ఆకుపచ్చ. ఇక్కడ ఫిల్మ్ సంగతి తెలియకపోతే తిప్పలే. ఆ రోజుల్లో చేతి కెమెరాల్లో ఎక్కువగా వాడిన ఫిల్మ్ ఆర్థోక్రొమాటిక్, దానికి ఎరుపు కనబడదు. ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. ఈ చదరంలో సగం బొగ్గులా, సగం బూడిదరంగులో ఉండటం ఎరుపు, ఆకుపచ్చలకు సరిపోతుంది.

అసలు పని కొండల వరసతో. ముందున్న నేల, చెట్లు, గుడిసెలు మారిపోతాయి. ఇప్పుడక్కడ పట్నం వచ్చేసింది. కొండ అంచు మాత్రం మారదు. ప్రింటు 6×9 సెంటీమీటర్ల కాంటాక్టు ప్రింటు, అంచులు కోయలేదు. ఆ సైజు మడత కెమెరాల లెన్స్ సాధారణంగా 105 మిల్లీమీటర్లు. ఫొటో మధ్య నుంచి ఒక శిఖరం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో కొలిచి 105తో భాగించి, దాని విలోమ టాంజెంట్ తీస్తే కోణం వస్తుంది. ఎడమ శిఖరం మధ్యకు 22 మి.మీ. ఎడమన: 11.8 డిగ్రీలు. నడిమి శిఖరం 4 మి.మీ. కుడిన: 2.2. కుడి శిఖరం 33 మి.మీ. కుడిన: 17.4. కాబట్టి మొదటి రెండింటి మధ్య 14.0 డిగ్రీలు, తర్వాతి రెండింటి మధ్య దాదాపు 15.3.

కొందరు తొందరలో మిల్లీమీటరుకు 0.546 డిగ్రీ అని నేరుగా హెచ్చవేస్తారు. అంచుల దగ్గర అది తప్పుతుంది. రెండో కోణం 15.8 అవుతుంది. అర డిగ్రీయే కదా అనిపిస్తుంది గానీ, శిఖరాలు పది కిలోమీటర్ల దూరంలో ఉంటే మకాం మూడు వందల మీటర్లకు పైగా జరిగిపోతుంది.

రెండు శిఖరాలు ఒకే కోణంలో కనబడే చోట్లన్నీ ఆ రెండింటి గుండా పోయే ఒక వృత్తపు చాపం మీద ఉంటాయి. స్కూలు జ్యామితే. రెండు జతలకు రెండు చాపాలు గీస్తే అవి నడిమి శిఖరం దగ్గర ఒకసారి, కెమెరా నిలబడ్డ చోట ఇంకోసారి ఖండించుకుంటాయి. ఏ శిఖరం ఏదో తేల్చడానికి ముందు అంతరిక్షం నుంచి కొలిచిన ఎత్తుల డేటా తీసుకుని (30 మీటర్లకొక కొలత ఉన్న ఎస్‌ఆర్‌టీఎం చాలు) దిమాపూర్ నుంచి ఇంఫాల్ వెళ్లే రోడ్డు వెంబడి మైలుకొక చోటు నుంచి కృత్రిమ కొండ అంచులు తయారుచేసి, ఫొటోలోని కొండ అంచుతో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. దిమాపూర్ మైదానం నుంచి కొండలు ఆగ్నేయంగా లేస్తాయి, తొమ్మిది పది మైళ్ల దగ్గర నిచుగార్డ్ వద్ద రోడ్డు కొండల్లోకి దూరుతుంది. కాబట్టి వెతకాల్సిన పట్టీ పెద్దది కాదు. లెన్స్ 105 అన్నది ఊహే కనుక 100, 110లతోనూ చాపాలు గీయాలి. మూడుసార్లూ ఖండన బిందువు రోడ్డు మూడో మైలుకీ అయిదో మైలుకీ మధ్యే పడింది. కెమెరా చూపు ఆగ్నేయానికి.

నీడ

లారీ పక్కన మనిషి నీడ ఫొటోలో అడ్డంగా, ఎడమవైపుకు పడింది. కెమెరా వైపు గానీ, అవతలికి గానీ పడిన నీడను కొలిచి లాభం లేదు, పొడవు కుంచించుకుపోతుంది. అడ్డంగా పడిన నీడ, చదును నేల, రెండూ ఉండటం అదృష్టం. నీడ పొడవు మనిషి ఎత్తులో సగం. అంటే సూర్యుడు 63 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. దిమాపూర్ అక్షాంశం దాదాపు 25.9. అక్కడ ఆ ఎత్తు మార్చి మూడో వారం నుంచి సెప్టెంబరు చివరి వారం దాకానే సాధ్యం. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా 41 డిగ్రీలు దాటదు.

దిక్కు కూడా తెలిసింది కనుక ఇంకా బిగించవచ్చు. కెమెరా ఆగ్నేయం చూస్తుంటే నీడ ఎడమకు పడిందంటే సూర్యుడు నైరుతిలో ఉన్నాడు. ఆ ఎత్తున, ఆ దిక్కున సూర్యుడు ఉండే రోజులు ఏడాదికి రెండే కాలాలు: ఏప్రిల్ మొదటి వారం, సెప్టెంబరు మొదటి వారం. దిక్కులో 5 డిగ్రీలు, ఎత్తులో 3 డిగ్రీలు తప్పు అనుకుంటే అటూ ఇటూ పది రోజులు. అప్పటి యుద్ధకాల గడియారం గ్రీనిచ్‌కు ఆరున్నర గంటలు ముందుండేది. ఆ ప్రకారం సమయం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతం.

కాగితాలు

కవరు మీద ఊరి పేరు లేదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ ముద్ర ఉన్నాయి. ఏ నంబరు పోస్టాఫీసు ఏ తేదీల్లో ఎక్కడుందో తపాలా చరిత్ర సేకర్తలు జాబితాలు కట్టారు. నంబరు ఒక్కటే చూసి ఊరు చెప్పేయకూడదు, పోస్టాఫీసు దళంతో పాటు కదులుతుంది. తేదీతో కలిపి చూస్తే ఈ ముద్ర మణిపూర్ రోడ్‌కు సరిపోయింది. కొందరి దగ్గర 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామా ఉన్న ఉత్తరాలు ఉంటాయి. అది స్వాతంత్ర్యం తర్వాతిది, రెండో యుద్ధం మకాంకు పనికిరాదు.

కంపెనీ నంబరు కోసం బెంగళూరులోని ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) రికార్డ్స్ (సౌత్)కు వారసుల చేత రాయించాలి. సర్వీసు నంబరు, మెడల్ ఫొటో, వారసత్వ రుజువు జతచేసి, షీట్ రోల్ (సర్వీసు వివరాల పత్రం), కిండ్రెడ్ రోల్ (కుటుంబ సభ్యుల పట్టిక) వివరాలు కావాలని పేర్లతో అడిగితే పని తేలికవుతుంది. పెన్షను లేకుండా వచ్చేసిన వాళ్ల కాగితాలు మిగలకపోవచ్చు. అప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పాత అర్జీలు వెతకాలి. కామన్వెల్త్ సమాధుల జాబితాలో బతికి వచ్చిన వాళ్ల పేర్లు ఉండవు, అక్కడ టైము పోగొట్టుకోవద్దు.

కంపెనీ నంబరు దొరికాక వార్ డైరీ, అంటే దళం రోజువారీ రాసుకున్న దినచర్య. బర్మా యుద్ధక్షేత్రంలోని దళాల డైరీలు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 వరసలో ఉన్నాయి. ఢిల్లీలో రక్షణ శాఖ చరిత్ర విభాగాన్నీ అడగవచ్చు. నెలవారీ ఫారంలో చోటు, తేదీ, గంట, సంగతులు అనే గళ్లుంటాయి. మనకు కావలసింది చోటు గడి. అందులో ఆరు అంకెల మ్యాపు రిఫరెన్సు ఉంటే దాన్ని ఇవాళ్టి మీటర్ల గ్రిడ్ మీద పెట్టకూడదు. అప్పటి భారత గ్రిడ్ గజాల్లో ఉండేది, వెయ్యి గజాల గడి 914 మీటర్లే. సర్వే ఆఫ్ ఇండియా 83 జి, 83 కె డిగ్రీ షీట్ల యుద్ధకాలపు ముద్రణ మీదే చదవాలి. ఈ డైరీలో ఇచ్చిన రిఫరెన్సు చాపాలు ఖండించిన చోటికి మైలులోపే పడింది.

డైరీ ప్రకారం కంపెనీ మణిపూర్ రోడ్‌కు చేరింది 1943 చివర్లో, ఇంఫాల్ దాటి ముందుకు కదిలింది 1944-45 చలికాలంలో. కాబట్టి ఫొటో 1944దే. ఏప్రిలా, సెప్టెంబరా? 1944 మార్చి చివర్లో జపాను సేన ఇంఫాల్ రోడ్డును తెంపింది. ఏప్రిల్ 4న కోహిమా ముట్టడి మొదలైంది. 46 మైళ్ల దూరంలో ఉన్న దిమాపూర్ డిపోలు పోతాయేమోనన్న భయంలో ఉన్నాయి. పదకొండు మైళ్ల పొడవున, మైలు వెడల్పున పరుచుకున్న సరుకు డిపోలవి. ఆ వారం లారీలు తీరిగ్గా వరసకట్టి, మనుషులు ఫొటోలు దిగే సమయం కాదు. పైగా ఏప్రిల్ మొదట్లో కొండల్లో పోడు తగలబెట్టే పొగకు కొండ అంచు ఇంత స్పష్టంగా కనబడటం అరుదు. రోడ్డు మళ్లీ తెరుచుకున్నది జూన్ 22న, 109వ మైలురాయి దగ్గర కోహిమా వైపు నుంచీ ఇంఫాల్ వైపు నుంచీ వచ్చిన మిత్రసేనలు కలిశాక. అందుకే సెప్టెంబరు.

ఎంతవరకు ఖాయం

కుటుంబానికి ఇచ్చిన నివేదికలో ప్రతి వాక్యం పక్కనా బలం రాశాం. సర్వీస్ కోర్ డ్రైవరు: ఖాయం. 1944లో కంపెనీ మకాం దిమాపూర్-నిచుగార్డ్ రోడ్డు మీద మూడు, అయిదు మైళ్ల మధ్య: ఖాయం, ఫొటోకూ డైరీకీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే చోటికి వచ్చాయి కాబట్టి. సెప్టెంబరు 1944: చాలావరకు. ఫొటోలో ఉన్న మనిషి ఆయనే: కుటుంబం గుర్తుపట్టడం మీదే ఆధారం. స్టూడియో ఫొటోల్లో చెవి ఆకారం పోల్చితే సరిపోతోంది, అంతకు మించి చెప్పలేం.

చోటు చూడాలనుకునే వాళ్లు 2019 డిసెంబరు నుంచి దిమాపూర్‌కూ ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాల వాళ్లు తీసుకోవాల్సిన ప్రవేశ అనుమతి) కావాలని గుర్తుంచుకోవాలి. వెళ్లేటప్పుడు ఫొటో ప్రింటు, దిక్సూచి చాలు. ఇళ్ల మధ్య ఎత్తైన మేడ మీద నుంచి కొండ అంచు దొరికితే మూడు శిఖరాల దిక్కులు కొలిచి చాపాలను సరిచూడవచ్చు. లోహ డిటెక్టరు పట్టుకెళ్లి తవ్వకూడదు. స్తంభాలు రక్షిత కట్టడం, ఆ చుట్టుపక్కల నేలలో పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడుతున్నాయి.

రంగం మాట పూర్తిగా కొట్టేయలేదు. రంగూన్ మిత్రసేనల చేతికి 1945 మే మొదటి వారంలో వచ్చింది, ఈ కంపెనీ అప్పటికి బర్మాలో ఉంది. 1945 జనవరి నుంచి సెప్టెంబరు దాకా డైరీ కాపీలు తెప్పించి చోటు గడి చదివితే తేలుతుంది. కుటుంబం అడిగితే తర్వాతి దరఖాస్తు ఆ తొమ్మిది నెలలకే.